1:48 మిగ్-21: వెండి ఒంటి కోసం 103 రోజులు

1వ రోజు

పెట్టె ఈ రోజు తెరిచాను. బూడిద రంగు ప్లాస్టిక్ ఫ్రేములు, గాజులా కనిపించే పారదర్శక ముక్కల ఫ్రేము, రసాయనంతో చెక్కిన (ఎచ్చింగ్) పలచటి ఇత్తడి రేకు, తడిపి అంటించే గుర్తుల (డెకాల్) షీటు. కట్టబోయేది మిగ్-21 ఎఫ్ఎల్ అనే యుద్ధ విమానానికి 48వ వంతు సైజు ప్లాస్టిక్ మోడల్. మన వైమానిక దళం ఆ విమానాన్ని టైప్ 77 అనేది. నాసిక్‌లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లైసెన్స్ మీద తయారుచేసిన మొదటి మిగ్ రకం ఇదే. 2013 డిసెంబర్ 11న కలైకుండలో చివరిసారి ఎగిరి సెలవు తీసుకుంది. 1971 యుద్ధానికి వీటిలో చాలావాటికి పచ్చ రంగులు పూశారు. నాకు మాత్రం రంగు లేని రూపమే ఇష్టం. ఎండలో మెరిసే ఒట్టి లోహం, దాని మీద కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు.

ఎన్నాళ్ళ నుంచో వాయిదా వేస్తూ వచ్చిన పని ఇది. కారణం ఒక్కటే. మామూలు రంగు వేసే మోడల్లో చిన్న చిన్న తప్పులు రంగు కింద సర్దుకుంటాయి. వెండి రంగు అలా కాదు. అతుకు సరిగ్గా కుదరకపోయినా, గరుకు కాగితం గీత ఒకటి మిగిలిపోయినా, వేలిముద్ర పడినా పది రెట్లు చేసి చూపిస్తుంది. అందుకే ఈసారి తొందర పడకూడదని మొదటి రోజే నిర్ణయం తీసుకున్నాను.

లెక్క ఒకటి కాగితం మీద రాసి బల్ల ముందు గోడకు అంటించాను: 1 మి.మీ. = 48 మి.మీ. అసలు విమానం రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, మోడల్లో 14.9 సెంటీమీటర్లు. అరచేతిలో పట్టేంత. అసలు విమానం మీద రేకుకీ రేకుకీ మధ్య కనిపించే సందు రెండు మూడు మిల్లీమీటర్లు అనుకుంటే, దాన్ని 48తో భాగిస్తే కంటికి ఆనదు. కిట్‌లో గీత సుమారు 0.2 ఉంది. అంటే అసలు విమానంలో దాదాపు 10 మి.మీ. సందు ఉన్నట్టు. కాబట్టి గీతల్ని ఇంకా లోతు చేసి నల్లరంగు నింపేస్తే విమానం కాదు, గళ్ళ దుప్పటి అవుతుంది.

4వ రోజు

ఇంకా జిగురు సీసా మూత తీయలేదు. నాలుగు రోజులుగా ఫొటోలు చూస్తూ, కిట్ ముక్కల మీద పెన్సిల్‌తో గుర్తులు పెడుతున్నాను. ఈ పని చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో మొత్తం ప్రాజెక్టులో దీనికి మించిన పని లేదు.

ఎందుకంటే కిట్ మీద గీతలన్నీ ఒకే మందంలో ఉంటాయి, అసలు విమానంలో అలా ఉండవు. రివెట్లతో శాశ్వతంగా కుట్టేసిన రేకుల మధ్య గీత దగ్గరికి వెళ్తే గానీ కనపడదు. మెకానిక్ రోజూ తెరిచి మూసే మూతల చుట్టూ మాత్రం మురికి చేరి గీత స్పష్టంగా తెలుస్తుంది. మిగ్-21లో వీటన్నిటికీ మించిన గీత ఒకటుంది. రెక్క వెనక బాడీ చుట్టూ తిరిగే వలయం. ఇంజిన్ తీయాలంటే వెనక సగం మొత్తాన్ని అక్కడ విడదీసి వెనక్కి లాగేస్తారు. ఆ గీతకి ఉన్న గౌరవం వేరు. నా మోడల్లో దాన్ని ఒక్కదాన్నే కొంచెం లోతు చేయాలనుకుంటున్నాను. మిగతావాటిని ముట్టుకోను. కొన్నిటిని రంగుకి ముందు వేసే పలచటి ప్రైమర్‌తో సగం పూడుస్తాను కూడా.

ప్రతి గీతకీ పక్కన ఒక అంకె వేశాను. 1 అంటే తెరుచుకునే మూత, 2 అంటే రివెట్ అతుకు, 3 అంటే కదిలే భాగం. రెక్కలకి కూడా అంతే. ఫ్లాపు, ఎయిలెరాన్ అనే రెక్క వెనక అంచు పలకలు కదులుతాయి కాబట్టి వాటి సందు నిజంగా సందే, అక్కడ నీడ పడాలి.

9వ రోజు

కాక్‌పిట్. ఇక్కడ మూడు రోజులు గడిచిపోయాయి, ఎలా గడిచాయో తెలియలేదు.

ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్ వెడల్పు నా బొటనవేలి గోరంత. అసలు విమానంలో 80 మి.మీ. ఉండే డయల్ ఇక్కడ 1.7 మి.మీ. కిట్‌లో ప్యానెల్ ఇత్తడి రేకు రెండు పొరలుగా వస్తుంది. కింద పొర మీద ముళ్ళు, అంకెలు అచ్చయి ఉంటాయి, పై పొరలో గుండ్రటి రంధ్రాలు. రెండూ అతికించేటప్పుడు సూపర్ గ్లూ వాడితే రంధ్రాల్లోకి పాకి డయళ్ళు చెడిపోతాయి. అందుకని మెరిసే వార్నిష్ పలచగా రాసి, అది జిగటగా మారాక పై పొర దించాను. పొర జరపడానికి టైం దొరుకుతుంది, మరక పడదు. ఆరిన తర్వాత టూత్‌పిక్ చివరతో ఒక్కో డయల్లో ఒక్కో చుక్క వార్నిష్. చుక్క ఉబ్బుగా నిలబడి ఆరితే గాజు పెట్టినట్టే మెరుస్తుంది. మొత్తం ఇరవై పైచిలుకు చుక్కలు. భూతద్దం కింద ఊపిరి బిగబట్టి పెట్టాను.

సీటు ఈ విమానానికి ప్రత్యేకం. ఎఫ్ఎల్‌లో కానోపీ, అంటే పైలట్ తల మీది గాజు కప్పు, పక్కకి తెరుచుకోదు, ముందు వైపు కీలు మీద పైకి లేస్తుంది. పైలట్ బయటకి దూకాల్సి వస్తే కానోపీ సీటుతో పాటే వచ్చి, ఎదురుగాలి తగలకుండా అతనికి కవచంలా అడ్డం నిలుస్తుంది. ఆ వేగంలో ఎదురుగాలే మనిషిని చంపగలదు కాబట్టి అలా ఆలోచించారు. తర్వాత వచ్చిన రకాల్లో ఈ ఏర్పాటు మానేసి వేరే సీటు పెట్టారు, కానోపీ పక్కకి తెరుచుకునేలా మార్చారు. ఎఫ్ఎల్ కడుతున్నామని చెప్పి పక్కకి తెరిచిన కానోపీ పెడితే తెలిసినవాళ్ళకి మొదటి చూపులోనే దొరికిపోతాం.

సీటు బెల్టులు ఇత్తడివి. అలాగే అంటిస్తే రేకు ముక్కల్లా బిగుసుకుని ఉంటాయి. కొవ్వొత్తి మంట మీద ఒక్క క్షణం చూపిస్తే ఇత్తడి మెత్తబడుతుంది. అప్పుడు పట్టకారుతో వంచితే పైలట్ ఇప్పుడే దిగి వెళ్ళినట్టు ఒకటి సీటు అంచు మీంచి జారి వేలాడుతుంది. మంట ఒక్క క్షణం ఎక్కువైతే బెల్టు మాడి ముడుచుకుపోతుంది, జాగ్రత్త.

14వ రోజు

ముక్కు. మిగ్-21 ముఖం అంటే ముక్కులోని శంకువే. గాలి లోపలికి వెళ్ళే గుండ్రటి నోరు, మధ్యలో మొనదేలిన కోన్. ధ్వని వేగం దాటాక ఆ కోన్ వేగాన్ని బట్టి ముందుకి జరుగుతుంది. దాని మొన దగ్గర పుట్టే షాక్ తరంగం గాలి వేగాన్ని తగ్గించి ఇంజిన్ తట్టుకోగలిగేలా చేస్తుంది. ఎఫ్ఎల్‌లో రాడార్ కూడా దాని లోపలే కూర్చుంటుంది. నేల మీద నిలబెట్టిన విమానంలో కోన్ వెనక్కి జరిగి ఉంటుంది కాబట్టి నేనూ అలాగే వెనక్కి పెట్టాను.

కోన్ లోపల బోలు. అందులో సీసం గుళ్ళు నింపి జిగురు పోశాను. ముక్కు బరువు చాలకపోతే మోడల్ తోక మీద కూర్చుంటుంది, అన్నీ అయ్యాక అప్పుడు చేసేదేం ఉండదు. గుళ్ళకి సూపర్ గ్లూ కాదు, ఎపాక్సీ వాడాలి. తెల్ల జిగురు వాడితే కొన్నేళ్ళకి సీసం తుప్పు పట్టి ఉబ్బి ప్లాస్టిక్‌ని పగలగొట్టే ప్రమాదం ఉంది. బాడీని టేపుతో తాత్కాలికంగా చుట్టి, చక్రాల కాళ్ళు ఉండే చోట రెండు పెన్సిళ్ళ మీద నిలబెట్టి చూశాను. ముక్కు కిందకే వాలింది. మనసు కుదుటపడింది.

గాలి నోటి అంచు కత్తిలా పలచగా ఉండాలి. కిట్‌లో అది దాదాపు ముప్పావు మిల్లీమీటరు, అంటే అసలు విమానంలో 36 మి.మీ. మందం. లోపలి వైపు నుంచి గుండ్రటి ఆకురాయితో మెల్లగా సానపట్టి సగానికి తెచ్చాను. ఒక గంట పని. ముందు నుంచి చూస్తే మోడల్ ముఖమే మారిపోయింది.

21వ రోజు

బాడీ రెండు సగాలు మూశాను. రెక్కల వెనక అంచుల్ని అతికించే ముందే లోపలి వైపు నుంచి గీరి పలచన చేశాను. త్రిభుజాకారపు డెల్టా రెక్క కదా, వెనక అంచు పొడవునా నేరుగా కనిపిస్తుంది, అక్కడ మందం ఉంటే బొమ్మలా ఉంటుంది.

రెక్కలు కిందికి 2 డిగ్రీలు వాలి ఉంటాయి. ఎన్నో మోడళ్ళలో ఇది పోతుంది, రెక్క వాలు లేకుండా సమంగానో, ఇంకా ఘోరంగా పైకో తేలుతుంది. దళసరి అట్టలో ఆకారం కత్తిరించి, రెక్క చివర బాడీ దగ్గర కంటే 2 మి.మీ. కిందికి వచ్చేలా అమర్చి, జిగురు ఆరేదాకా ఆ అట్టలోనే వదిలేశాను. 2 మి.మీ. అంటే ఏముంది అనిపిస్తుంది. ఎదురుగా నిలబడి చూస్తే మిగ్-21 పొగరంతా ఆ వాలులోనే ఉంది.

26వ రోజు

అతుకులు సాన. వీపు మీద నిలువునా పోయే అతుకు మొత్తం నునుపు అయిపోయింది. 400 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 600, 1000, 2000, తర్వాత నీళ్ళు తడుపుతూ మెత్తటి పాలిష్ గుడ్డలు. వేలు పెట్టి చూస్తే అతుకు ఎక్కడుందో తెలియడం లేదు. చాలా సంతోషంగా ఉంది.

38వ రోజు

ఈ రోజు రాసేది కొంచెం కష్టంగా ఉంది.

నాలుగు రోజుల క్రితం అడుగు పూతగా మెరిసే నల్ల బేస్ కొట్టి, రెండు రోజులు ఆరనిచ్చి, దాని మీద అల్యూమినియం లాకర్ రంగు పలచగా మూడు పూతలు వేశాను. అద్భుతంగా వచ్చింది. టేబుల్ లైటు కింద తిప్పి తిప్పి చూసుకున్నాను. నిన్న కిటికీ పక్క వెలుతురులో పట్టుకుంటే వీపు మీద నిలువునా వెంట్రుకంత గీత. కాక్‌పిట్ వెనక నుంచి తోక మొదలు దాకా. వేలికి తగలదు, కంటికి మాత్రం తగులుతోంది. వెండి మీద నీడలా పరుచుకుంది.

మోడల్ కట్టేవాళ్ళు దీన్ని దెయ్యం గీత అంటారు. ఎందుకు వస్తుందో నాకు తెలుసు, తెలిసీ చేశాను, అదే బాధ. ప్లాస్టిక్ జిగురు నిజానికి అతికించదు, ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. కరిగిన రెండంచులు కలిసి మళ్ళీ గట్టిపడతాయి. కానీ అందులో ఉన్న ద్రావకం మొత్తం ఆవిరి కావడానికి రోజులు కాదు, వారాలు పడుతుంది. పైకి గట్టిగా ఉన్నా లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది. నేను ఐదు రోజులకే సాన పట్టేశాను. అప్పుడు సమంగానే ఉంది. తర్వాత మిగిలిన ద్రావకం పోతూ ప్లాస్టిక్ కుంచించుకుని, అతుకు ఉన్న చోట వెంట్రుకవాసి లోపలికి దిగింది. మామూలు రంగు అయితే బహుశా ఎవరికీ కనపడేది కాదు.

రాత్రంతా ఆలోచించాను. వీపు మీద కదా, ఎవరు చూస్తారు, వదిలేద్దాం అని ఒక మనసు. చూసేది నేనే కదా అని ఇంకో మనసు. పొద్దున లేచి థిన్నర్ సీసా తీశాను.

39 నుంచి 58వ రోజు దాకా

వీపు వరకు పెయింట్ తీసేశాను. రెక్కల మీద, కింద వైపు ఉన్నది అలాగే ఉంచాను, అక్కడ ఏ గీతా తేలలేదు. తీసిన చోట గీత మీద సూపర్ గ్లూ సన్నగా నింపాను. సూపర్ గ్లూ ఆరితే కుంచించుకోదు, అదే దాని గొప్పతనం. అయితే ఒక్క రోజు దాటితే అది ప్లాస్టిక్ కంటే గట్టిపడిపోతుంది, అప్పుడు సాన పడితే పక్కనున్న ప్లాస్టిక్ అరుగుతుంది గానీ అది అరగదు. అందుకే రెండు మూడు గంటల్లోనే సాన పట్టాలి. పట్టాను.

తర్వాత రెండు వారాలు ముట్టుకోలేదు. నిజంగానే ముట్టుకోలేదు. పెట్టెలో పెట్టి మూత వేసి అల్మారా పైన పెట్టాను. ఆలస్యం అమృతం విషం అంటారు కానీ, ఈ పనిలో మాత్రం తొందరే విషం.

ఆ రెండు వారాల్లో వేరే పనులు సాగాయి. చక్రాలు: వెనక చక్రం వ్యాసం అసలు విమానంలో 800 మి.మీ., మోడల్లో 16.7. అంతకు ముందు రకాల్లో చక్రాలు చిన్నవి. ఇవి పెద్దవి కావడంతో ముడిచినప్పుడు పట్టడానికి బాడీ పక్కల ఉబ్బులు పెట్టాల్సి వచ్చింది. కిట్‌లో ఆ ఉబ్బుల ఆకారం బాగుంది. చక్రం మధ్య భాగానికి ఆకుపచ్చ వేశాను. టైరుకి ఒట్టి నలుపు వేయకూడదు, ముదురు బూడిద వేయాలి. నేలకి ఆనే చోట కొద్దిగా అరగదీస్తే బరువు మోస్తున్నట్టు ఉంటుంది.

చక్రాల గూళ్ళలో హైడ్రాలిక్ గొట్టాలు కిట్‌లో అచ్చు పోసి వచ్చాయి, గోడకి అంటుకుపోయి. వాటిని ఉలితో చెక్కేసి, 0.2 మి.మీ. రాగి తీగ పెట్టాను. 48తో గుణిస్తే 9.6 మి.మీ. గొట్టం, కంటికి సరిగ్గా సరిపోయింది. గూడులో పదకొండు తీగలు పట్టాయి. విమానాన్ని తలకిందులు చేస్తే తప్ప ఎవరికీ కనపడవు. అయినా పెట్టినందుకు బాధ లేదు. గూడు లోపల నీడ పడినప్పుడు అక్కడ ఏదో ఉందని కన్ను గుర్తుపడుతుంది.

తుపాకీ కథ ఇక్కడే చెప్పాలి. ఎఫ్ఎల్‌కి ఒంట్లో తుపాకీ లేదు. ఆ కాలంలో క్షిపణులే చాలనుకున్నారు. తర్వాత ఆ లోటు తీర్చడానికి జీపీ-9 అనే గుళిక లాంటి పెట్టెని పొట్ట కింద తగిలించారు. లోపల జీఎస్‌హెచ్-23, రెండు గొట్టాల తుపాకీ, 200 గుళ్ళు. 1971 డిసెంబర్ 12న కచ్ సింధుశాఖ మీద 47వ స్క్వాడ్రన్ మిగ్-21 ఎఫ్ఎల్ పాకిస్తాన్ ఎఫ్-104 యుద్ధ విమానాన్ని కూల్చింది ఈ తుపాకీతోనే. అలాంటి తుపాకీని ప్లాస్టిక్ పుల్లలా వదిలేయడానికి మనసు ఒప్పలేదు. గొట్టం లోపలి వ్యాసం 23 మి.మీ., 48తో భాగిస్తే 0.48. ఇంజెక్షన్ సూది 21 గేజ్‌ది తీసుకుంటే లోపల బోలు 0.51, బయట 0.82. దీని కంటే దగ్గరది దొరకదు. మొన కోసేసి, చివర గుండ్రంగా సానపట్టి, రెండు ముక్కలు పక్కపక్కన పెట్టాను. కోసేటప్పుడు సూది నలిగి బోలు మూసుకుపోకుండా లోపల సన్నటి తీగ దూర్చి, బ్లేడు కింద దొర్లిస్తూ కోయాలి. మొదటి రెండు నలిగాయి. మూడోది, నాలుగోది కుదిరాయి.

రెక్కల కింద కె-13 క్షిపణులు రెండు. ఒక్కోటి 59 మి.మీ. పొడవు. ముందు భాగంలో వేడిని వెతికే కన్ను గాజుది, అక్కడ నల్లచుక్క పెట్టి దాని మీద పారదర్శక జిగురు చుక్క వేశాను.

61వ రోజు

అల్మారా మీది పెట్టె దించాను. కిటికీ వెలుతురులో పట్టుకున్నాను. గీత రాలేదు. ప్రైమర్ కొట్టి మళ్ళీ చూశాను. రాలేదు.

సాన పట్టినప్పుడు వీపు మీద అడ్డంగా పోయే ప్యానెల్ గీతలు నాలుగు చెరిగిపోయాయి. వాటిని మళ్ళీ గీయాలి. గుండ్రటి వీపు మీద స్కేలు నిలవదు. లేబుళ్ళు అచ్చొత్తే దళసరి ప్లాస్టిక్ టేపు ఉంటుంది కదా, డైమో టేపు, అది వంపుకి వంగుతుంది, అంచు సూదికి దారి చూపిస్తుంది. గీసే పనిముట్టుతో బలం పెట్టకుండా ఎనిమిది తొమ్మిది సార్లు పైపైన లాగాలి. ఒకటి రెండు సార్లలో గీత తేవాలని నొక్కితే పనిముట్టు పక్కకి జారుతుంది, మళ్ళీ మొదటికే వస్తుంది కథ. ఇంజిన్ వలయం గీత ఒక్కదాన్ని పదిహేను సార్లు లాగాను. దానికి ఆ హక్కు ఉంది.

67వ రోజు

మళ్ళీ వెండి. ఈసారి ఆ బేస్ నలుపుని నాలుగు రోజులు ఆరనిచ్చాను. చేతికి రబ్బరు గ్లవ్స్. నలుపు అద్దంలా ఉంటేనే వెండి లోహంలా కనిపిస్తుంది. నలుపులో ధూళి ఒక్క రేణువు ఉన్నా వెండిలో మొటిమలా తేలుతుంది. గాలి ఒత్తిడి బాగా తగ్గించి, పొగమంచు పట్టినట్టు పలచగా, పూతకీ పూతకీ మధ్య పది నిమిషాలు. ఒకేసారి తడిసేలా కొడితే లోహపు రేణువులు గుంపులు కట్టి బూడిదలా అవుతుంది.

విమానం మొత్తం ఒకే వెండిగా ఉండకూడదు. ఫొటోల్లో చూడండి, పక్కపక్కన ఉన్న రెండు రేకుల మెరుపు ఎప్పుడూ ఒకటి కాదు. కొన్ని కొత్తగా మార్చినవి, కొన్ని ఎండకి వెలిసినవి, కొన్ని వేరే మిశ్రమంతో చేసినవి. మాస్కింగ్ టేపు గుడ్డకి రెండు సార్లు అంటించి జిగట తగ్గించి, ఒక్కో రేకు చుట్టూ కప్పి, కొంచెం ముదురు అల్యూమినియం కొన్నిటికి, కొంచెం తెల్లటిది కొన్నిటికి వేశాను. తేడా చాలా స్వల్పంగా ఉండాలి. దూరం నుంచి చూస్తే తెలియకూడదు, వెలుతురు కదిలినప్పుడు మాత్రం తెలియాలి. చదరంగం బల్లలా వేసినవాళ్ళ మోడళ్ళు చూశాను, నాకు నచ్చవు. అలాగే క్రోమ్ మెరుపు కూడా తప్పే. సర్వీసులో ఉన్న ఫైటర్ అద్దంలా మెరవదు. రోజూ వాడే స్టీలు పళ్ళెంలా ఉంటుంది, మెరుపు ఉంటుంది కానీ ముఖం కనపడదు.

తోక చివర, ఇంధనాన్ని మళ్ళీ మండించి అదనపు తోపు ఇచ్చే ఆఫ్టర్‌బర్నర్ చుట్టూ, లోహం వేడికి రంగు మారుతుంది. పారదర్శకమైన గోధుమ రంగు బాగా పలచన చేసి రెండు పొరలు, దాని అంచున నీలం ఒక్క పొర. నీలం ఎక్కువైతే పెట్రోలు మరకలా ఉంటుంది. మంట బయటికి వచ్చే మూతి (నాజిల్) లోపల లేత బూడిద, దాని మీద మసి పొడి.

కోన్‌కీ తోక చివరి టోపీకీ ముదురు ఆకుపచ్చ. మొత్తం వెండి మధ్య ఆ రెండు చోట్ల రంగు పడగానే ఒక్కసారిగా ఇది ఏ విమానమో తెలిసిపోయింది. దాదాపు గంట సేపు ఏమీ చేయకుండా చూస్తూ కూర్చున్నాను.

80వ రోజు

డెకాల్స్. ఒట్టి లోహం మీద డెకాల్‌కి ఉన్న పెద్ద శత్రువు దాని చుట్టూ ఉండే పారదర్శక పొర. తెల్లటి విమానం మీద కనపడదు, వెండి మీద చుట్టూ మసక అంచులా కనపడుతుంది. అందుకని కొత్త బ్లేడుతో ప్రతి వలయాన్నీ రంగు అంచు దాకా కత్తిరించాను. సీరియల్ నంబరులో సి అక్షరాన్నీ అంకెల్నీ ఒక్కోటి విడిగా కోశాను. అంకెల మధ్య పొర మిగిలితే ఒక పట్టీలా కనపడుతుంది. అంకెలన్నీ ఒకే వరసలో ఉండడానికి కింద మాస్కింగ్ టేపు అంచు గీతగా పెట్టుకున్నాను.

వలయంలో బయట కాషాయం, మధ్యలో ఆకుపచ్చ. తోక మీద పట్టీలో కాషాయం ముందు వైపు రావాలి, రెండు పక్కలా. ఒక పక్క వేసిన ఊపులో రెండో పక్క తిరగేసి వేయడం చాలా తేలిక. నేను రెండో పక్క వేసే ముందు మొదటి పక్క ఫొటో తీసి ఎదురుగా పెట్టుకున్నాను.

రెక్క మీది వలయం కింద గాలి చిక్కుకుని తెల్లటి మచ్చ తేలింది. సన్నటి సూదితో నాలుగైదు చోట్ల గుచ్చి, డెకాల్ మెత్తబరిచే ద్రావణం ఒక చుక్క వేసి, తడిగుడ్డతో అద్దాను. మూడోసారికి మచ్చ పోయింది, కింద ఉన్న ప్యానెల్ గీతలోకి డెకాల్ దిగి కూర్చుంది.

90వ రోజు

మురికి. ఆయిల్ పెయింట్ ముదురు గోధుమ, కొద్దిగా నలుపు కలిపి, టర్పెంటైన్‌లో పలచన చేసి, 1 నంబరు వేసిన మూతల చుట్టూ మాత్రమే సన్నటి కుంచెతో. నాలుగో రోజు వేసిన ఆ పెన్సిల్ గుర్తులు కాగితం మీద రాసుకున్నాను కాబట్టి సరిపోయింది. 2 నంబరు గీతల్ని అసలు ముట్టలేదు. పొట్ట కింద వెనక్కి రెండు మూడు నూనె చారలు, అంతే. వెండి విమానానికి మురికి ఎంత తక్కువ వేస్తే అంత నిజంగా ఉంటుంది.

కానోపీ అంటించడానికి సూపర్ గ్లూ వాడలేదు. దాని ఆవిరికి గాజు లోపల తెల్లగా పొగ పడుతుంది, తుడవడానికి చెయ్యి దూరదు. కీలు దగ్గర తెల్ల జిగురు, తెరిచిన కోణం నిలబడడానికి సన్నటి ఇత్తడి కడ్డీ.

103వ రోజు

మిగిలింది ఒక్కటే, ముక్కు పైన తిన్నగా ముందుకి పొడుచుకు వచ్చే, విమానం వేగం కొలవడానికి వాడే పిటో గొట్టం. తొలి రకమైన ఎఫ్-13లో ఇది ముక్కు కింద ఉండేది. ఎఫ్ఎల్‌లో నోటి పైకి వచ్చింది. కిట్‌లో ప్లాస్టిక్‌ది మందంగా, కొంచెం వంకరగా ఉంది. దాని బదులు ఒకదానిలో ఒకటి దూరే ఇత్తడి గొట్టాలు మూడు తీసుకున్నాను. పోనుపోను సన్నబడుతుంది. కడదాకా దీన్ని ఆపింది చెయ్యి తగిలి విరగకుండా.

రంధ్రం పది రోజుల క్రితమే వేసి ఉంచాను. గొట్టం చివర జిగురు ముంచి లోపల పెట్టి, ఎదురుగా చూశాను, పక్క నుంచి చూశాను, పై నుంచి చూశాను. వెంట్రుకవాసి ఎడమకి ఉంది. టూత్‌పిక్‌తో తోశాను. మళ్ళీ మూడు వైపుల నుంచీ చూశాను. ఇప్పుడు గొట్టం, కానోపీ మధ్య గీత, తోక, మూడూ ఒకే వరసలో ఉన్నాయి. కింద రెండు అగ్గిపెట్టెలు ఆనించి, లైటు తీసేసి, తలుపు దగ్గరికి వేసి వచ్చాను. రేపు పొద్దున కిటికీ తెరిచి వీపు మీద వెలుతురు పడేలా పెట్టి చూడాలి.